ప్రాగ్‌లో నేను మోసిన పాడె

దారిన పోయే తద్దినాన్ని పిలిచి నెత్తిన పెట్టుకున్నవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. నేను వాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. విమానమెక్కి, సముద్రాలు దాటి, ప్రాగ్ నగరం దాకా పోయి, అక్కడ ఎవరిదో తద్దినాన్ని ఏరికోరి భుజానికెత్తుకున్నాను. ఆ దెబ్బకు ఆదివారం జరగాల్సిన నా నిశ్చితార్థం గంగలో కలిసిపోబోయింది. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో ఎవరూ పడరు.

అప్పటికి నేను తాండూరులో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. కొత్త మిషన్ నడపడం నేర్చుకుని రమ్మని మా సేటు నన్ను యూరప్ పంపాడు. శిక్షణ అయిపోయింది, తిరుగు విమానం మర్నాడు. ఇంటికి చేరిన మూడో రోజే వికారాబాద్‌లో నిశ్చితార్థం. పిల్ల పేరు సునీత. పిల్ల బంగారం. పిల్ల తండ్రి కిష్టయ్య మామ మాత్రం పంచాంగం చూడనిదే పొలానికి నీళ్ళు కూడా పెట్టడు. పెళ్ళిచూపుల రోజున మా అమ్మ తుమ్మిందని అందరినీ వాకిట్లోకి పంపి, కాసేపాగి, పెళ్ళిచూపులు మళ్ళీ మొదటినుంచీ జరిపించాడు. పిల్ల రెండోసారి కూడా అవే మిక్చర్ ప్లేట్లు తెచ్చింది.

సరే, ఒక రోజు ఖాళీ దొరికింది కదా, కాలినడకన ఊరు చూద్దామని ఒక్కణ్ణే బయల్దేరాను. లోకమంతా ప్రాగ్‌కు వెళ్ళి తలెత్తి గోపురాలు చూస్తుంది. నేను తల దించి నేల చూశాను. బండల ఊరివాణ్ణి, ఏం చేయను? దారంతా చిన్న చిన్న నలుచదరపు రాళ్ళు పరిచారు. ఏ రాయో చూద్దామని ఒకచోట వంగి గోటితో గీకుతుంటే, నేనేదో పోగొట్టుకున్నాననుకుని ఒక ముసలావిడ నాతోపాటు వంగి వెతకడం మొదలుపెట్టింది. ఇద్దరం చాలాసేపు వెతికాం. ఏమీ దొరకలేదు. ఆవిడే నన్ను ఓదార్చి వెళ్ళిపోయింది.

అలా తల దించుకునే నది దాటి, కొండ మీదికి పోయే మెట్ల సందులోకి వచ్చాను. అక్కడ ఆ దృశ్యం కనిపించింది.

నలుగురు మగవాళ్ళు, నల్ల సూట్లు. వాళ్ళ భుజాల మీద నల్ల గుడ్డ కప్పిన పొడుగాటి పెట్టె. ఒక పక్క వెడల్పు, రెండో పక్కకు పోనుపోను సన్నం. వెనకాల నల్ల గౌనులో ఒకావిడ, చేతిలో తెల్లపూల గుత్తి, రుమాలుతో ముఖం తుడుచుకుంటోంది. కింద రోడ్డంతా తవ్వి ఉంది. పాపం, బండి రాక చేతుల మీదే తీసుకెళుతున్నారనుకున్నాను. మీరే చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏమనుకునేవారు? హార్మోనియం అనుకునేవారా?

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. తాండూరులో మా ఇంటి పక్కన ఖాదర్ చాచా కిరాణా కొట్టు ఉంది. బజారులో ఎవరి జనాజా వస్తున్నా చాచా తక్కెడ వదిలేసి ఉరికేవాడు. నాలుగడుగులు భుజం పట్టి, వెనకున్నవాడికి అప్పజెప్పి, వచ్చి మళ్ళీ కందిపప్పు తూచేవాడు. చిన్నప్పుడు నేనడిగితే, "అరే, పెండ్లికైతె పిలిస్తె పోవాలె. సావుకు ఎవరన్న పిలుస్తరార? నాలుగడుగులు మోస్తె నీ సొమ్మేం పోతది?" అన్నాడు. అప్పటినుంచీ ఏ మతం వాళ్ళ అంతిమయాత్ర కనిపించినా నా భుజం దానంతటదే ముందుకు పోతుంది. నాలుగడుగులు, అంతే. ఐదో అడుగుకు ఇంకొకడు వచ్చి అందుకుంటాడు.

ఆ నలుగురిలో వెనక కుడివైపు ఉన్నది ముసలాయన. మోకాళ్ళు వణుకుతున్నాయి. నేను టోపీ తీసి, ఆయన భుజం తట్టి, నా భుజం పెట్టాను. ఆయన కళ్ళు చెమర్చాయి. నా రెండు చేతులూ పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. తర్వాత ఆయన గోడకానుకుని తీరిగ్గా సిగరెట్ వెలిగించాడు. దుఃఖం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది లెమ్మనుకున్నాను.

నాలుగడుగులు అయ్యాయి. ఐదో అడుగు వేశాను. ఎవరూ రాలేదు. పదో మెట్టు ఎక్కాను. వెనక్కి చూస్తే దారినపోయేవాళ్ళు పక్కకు తప్పుకుని, ఎంతో మర్యాదగా దారి ఇస్తున్నారు. దారి ఎందుకయ్యా, భుజం ఇవ్వండి! ఒక్కడు కదిలితే ఒట్టు. వదిలేద్దామంటే పెట్టె పడుతుంది. దించుదామంటే ఇరుకు మెట్లు. తల ఎత్తితే కొండ. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఏమిటో నాకు మెడనరంతో సహా అర్థమైంది.

పరామర్శించకుండా మోయడం బాగుండదని, నల్లగౌను ఆవిడతో నాకొచ్చిన ఇంగ్లీషులో మాట కలిపాను.

"వయసెంతండీ?"

"తొంభై పైనే," అందామె.

"పోనీలెండి. నిండు వయసే."

"అవును. మా తాతగారి కాలం నుంచీ ఇంట్లోనే ఉంది. మీరు చాలా మంచివారు. సాయంత్రం మీరూ రండి. మీకు టికెట్ అక్కర్లేదు."

అంత్యక్రియలకు టికెట్ పెట్టే ఊరు కూడా ఉంటుందా అని నివ్వెరపోయాను. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో ఫోన్. సునీత.

"హలో, తిన్నరా? ఏం చేస్తున్రు?"

"ఇంకా తినలే. జర పనిల ఉన్న."

"ఊరు చూడనీకి పోతున్న అన్నరు గద, పనేంది? గట్ల రొప్పుతున్నరేంది?"

"గుట్టెక్కుతున్న. మీద బరువుంది."

"ఏం బరువు?"

ఇక్కడ అబద్ధమాడి ఉంటే ఈ కథే లేదు. వెయ్యి అబద్ధాలాడైనా పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క నిజం చెప్పి పెళ్ళి చెడగొట్టుకోబోయాను.

"శవం," అన్నాను.

"ఎవరిది?"

"తెల్వది. తొంభై ఏండ్లు దాటినయంట."

"తెల్వనోళ్ల శవం మీరెందుకు మోస్తున్రు? గాడ మనుషులు లేరా?"

"మస్తుగున్నరు. గని ఒక్కడు మార్చుకుంటలేడు సునీతా. కిందికెల్లి నేనే మోస్తున్న."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. కిష్టయ్య మామ.

"ఏమయ్యా నర్సింలూ, ఏంది నేను వింటున్నది? నిశ్చితార్థం పెట్టుకోని పీనుగను ముట్టినవా?"

"మామా, ముసలాయన మోయలేకపోతున్నడని జర భుజం పెట్టిన..."

"ముందు దించు!"

"దించరాదు మామా. మెట్లున్నయి."

"అయితె ఆదివారం లేదు, ఏం లేదు. పంతులుతోని మాట్లాడి చెప్త. అప్పటిదాక పిల్లకు ఫోన్ చెయ్యకు." ఫోన్ పెట్టేశాడు.

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా సునీత అంటే ఇష్టమని తెలుసు గాని, ఎంత ఇష్టమో ఆ మెట్ల మీద తెలిసింది. ఏడుపొచ్చింది. నల్లగౌను ఆవిడ కంగారుగా తన రుమాలు ఇచ్చింది. శవం వాళ్ళది, ఏడుపు నాది.

సగం కొండెక్కాక కాస్త వెడల్పాటి చోటు వచ్చింది. ముందున్నవాళ్ళు "ఆగండి" అని పెట్టెను మెల్లగా నేల మీదికి దించారు. ఓహో, వీళ్ళకూ దింపుడు కళ్ళం ఉందన్నమాట! మా వైపు శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకచోట దించుతారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటుందేమోనన్న ఆశతో చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. చూస్తే అయినవాళ్ళు ఒక్కరూ పిలవడం లేదు. ఒకడు నీళ్ళు తాగుతున్నాడు, ఒకడు వాచీ చూసుకుంటున్నాడు. తొంభై ఏళ్ళు బతికిన ప్రాణికి ఆఖరి పిలుపు కూడా దక్కదా? ఎలాగూ ముహూర్తం పోయింది, ఈ పుణ్యమైనా దక్కనీ అని మోకాళ్ళ మీద కూర్చున్నాను. పేరు తెలియదు. ఆడో మగో తెలియదు. పెట్టె మీదికి వంగి, "ఓ పెద్దమనిషీ," అని పిలిచాను. జవాబు లేదు. "ఓ పెద్దమనిషీ!" లేదు. మూడోసారి ఆవేశంగా, చేత్తో పెట్టెను చరిచి మరీ, "ఓ పెద్దమనిషీ, లే!" అన్నాను.

లోపలినుంచి "టంయ్‌య్‌య్" అంది.

నేను ఎగిరి నాలుగు మెట్లు కింద పడ్డాను. "బతికుంది! బతికుంది! పెట్టె తెరువుండ్రి!" అని అచ్చ తెలుగులో అరిచాను. జనం మూగారు. నల్లగౌను ఆవిడ పరుగున వచ్చి, గుడ్డ తొలగించి, మూత ఎత్తింది. లోపల వరసగా తీగలు. ముందు తెలుపూ నలుపూ మీటలు.

అది హార్ప్సికార్డ్ అట. మీట నొక్కితే లోపల తీగ పలికే పాతకాలపు వాద్యం. కొండ మీది చర్చిలో సాయంత్రం కచేరీ. రోడ్డు తవ్వడంతో బండి రాక, వాద్యం వాయించే ఆ నల్లగౌను ఆవిడ తోటి కళాకారులే మోసుకుపోతున్నారు. నల్లబట్టలు కచేరీ వేషం, తెల్లపూలు వేదిక మీదికి. ఆమె తుడుచుకున్నది కన్నీళ్ళు కాదు, చెమట.

"మీరేమనుకున్నారు?" అని అడిగింది.

చెప్పాను. వాళ్ళందరూ మెట్ల మీద కూలబడి నవ్విన నవ్వుకు పావురాలన్నీ లేచిపోయాయి. నేను మాత్రం నవ్వలేదు. మామకు ఫోన్ చేశాను.

"మామా, అది పీనుగ కాదు! వీణ లెక్కటిది!"

"కథలు పడకు. పెట్టెల పెట్టి, నల్లగుడ్డ కప్పి, నలుగురు మోసేది వీణనా?"

"అమ్మతోడు మామా. వాయించి చూపిస్త."

"అయితె చూపియ్యి."

ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇక్కడ కుదరదు, పైన కాళ్ళు బిగించి నిలబెట్టాకే వాయిస్తానంది. ఇంకేం, మిగతా కొండంతా నేనే ముందుండి, "నడువుండ్రి, నడువుండ్రి" అని మిగతావాళ్ళను తరిమాను. చర్చిలో దాన్ని నిలబెట్టి ఆవిడ వాయిస్తుంటే వీడియో కాల్‌లో కిష్టయ్య మామ ముఖం, పక్కన సగం సునీత. మామ చివరిదాకా విన్నాడు.

"సరే, లోపల పీనుగ లేదు. గని నువ్వు పీనుగే అనుకోని మోసినవ్ గద?"

ఈ ధర్మసందేహానికి తల దించుకున్నాను. మామ మీసం దువ్వుతూ ఆలోచించాడు. ఆయన ఆలోచించినంతసేపూ నా ప్రాణం నాలో లేదు. చివరికి సునీత వైపు తిరిగి అన్నాడు:

"తెల్వని ఊరు, తెల్వని మనుషులు. ఒక్కడు మార్చుకోకున్నా, నేను తిట్టినా, నడుమల ఇడిసిపెట్టకుంట గుట్ట మీది దాక మోసిండు. గీ పిలగాడు నిన్ను గూడ గట్లనే చూసుకుంటడు బిడ్డా. ఆదివారం కాయం."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సునీత కళ్ళలో మాత్రం నిప్పులు కనిపించాయి.

"అంటె, నేను పీనుగ లెక్కనా, నాయినా?"

అందువల్ల, ఆ చర్చిలో, ఆ వాద్యం సాక్షిగా, ఇదే నా ఘోర ప్రతిజ్ఞ: ఇకమీదట ఏ దేశంలోనైనా, ఏ పెట్టె ఎదురొచ్చినా, ముందు మూడుసార్లు పిలుస్తాను. పలికితే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటాను. పలకకపోతేనే భుజం పెడతాను, అదీ నన్ను మార్చుకునేవాడి పేరు, ఊరు ముందే కనుక్కున్నాక.