బాగున్న రోజు వేయని మాత్ర

డాక్టరు గారు చీటీ మీద హైపర్‌టెన్షన్ అని రాశారు. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అనరు. "ఆయనకి బీపీ అంటండి" అంటారు, జ్వరం వచ్చిందన్నట్టే. బీపీ అంటే అందరికీ ఉండే రక్తపోటేనని, మా ఆయనది ఎప్పుడూ ఎక్కువగా ఉండటమే జబ్బని, మాత్ర మానకూడదని డాక్టరు గారే విడమరిచి చెప్పారు. నేను బుర్ర ఊపాను. ఇంటికొచ్చి మాత్రం "ఈయనకి బీపీ వచ్చింది" అనే అందరికీ చెప్పాను. వచ్చింది పోతుందనేగా నా ధైర్యం.

మాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పొద్దున్నే నీళ్ళు పరీక్ష చేసి, తేడా కనిపిస్తేనే మందు వేస్తాం. బాగున్న నీళ్ళకి మందు పోసేవాణ్ణి చూసి నవ్వుతాం. ఆ పద్ధతే మా ఆయన ఒంటికీ పెట్టాను. బీపీ మిషను కొని రోజూ కాఫీకి ముందు ఆయన చేతికి పట్టీ చుట్టేదాన్ని. అంకె ఎక్కువుంటే మాత్ర ఇచ్చేదాన్ని. లేకపోతే "ఈవేళ బాగుందండి, అక్కర్లేదు" అని డబ్బాలో పెట్టేసేదాన్ని. నిన్న వేసిన మాత్ర వల్లే ఇవాళ బాగుందన్న ఇంగితం లేకపోయింది నాకు. పైగా మందులు తగ్గించేశానని చుట్టాల దగ్గర గొప్పలు.

రొయ్యలు పట్టే రోజు హడావిడిలో మిషనే తీయలేదు. గట్టు మీద ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. కుడి చెయ్యి లేవలేదు. "ఏమైందండీ?" అంటే ఏదో అన్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారులో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "మాట్లాడండి, ఏదో ఒకటి మాట్లాడండి" అని దారంతా ప్రాణం తీశాను. మాట ఆగితే మనిషి ఆగిపోతాడేమోనని భయం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని చూస్తూనే నన్నడిగింది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?"

"లేదండి."

"ఎవరు మానమన్నారు?"

 నేనే అని చెప్పాలి. ఆయన దుప్పటి సర్దడం మొదలుపెట్టాను. మంచం మీంచి మా ఆయన ఎడమ చెయ్యి కాస్త ఎత్తారు.

"నేనేనండి" అన్నారు.

ఆ అబద్ధం అర్థమవడానికి ఆయన మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.