సూదికి ముందే కదిలిన కాలు

మా ఆయన స్టెమ్ సెల్ సూదితో లేచినాడని ధర్మవరంలో మా వీధంతా చెప్తుంది. పక్కనుండి అంతా చూసింది నేను. నన్ను మాత్రం ఎవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

సెల్‌ఫోన్లు మా వీధికి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా ఆయన నేతగాడు. హిందూపురంలో పట్టు నూలు కొనుక్కుని వస్తుంటే పెనుకొండ దగ్గర జీపు బోల్తా పడింది. నేను ఆసుపత్రికి పోయేసరికి మెలకువగానే ఉన్నాడు. "నా చెప్పులు యాడ పడినాయో చూడే" అన్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

బెంగళూరులో ఎంఆర్ఐ, ఆపరేషన్, వెన్నులో రాడ్లు. "ఇన్‌కంప్లీట్ ఇంజురీ అమ్మా. స్పైనల్ కార్డ్ పూర్తిగా తెగలేదు. కాళ్లలో కదలిక కొంత రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు సర్జన్. ఆ 'రావచ్చు' ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చినాము.

నాలుగో నెలలో మా అత్త, "అమ్మే, వాన్ని మగ్గంలో కూసోబెట్టు. కాళ్లకు పని గుర్తొస్తాది" అనింది. డిగ్రీ చదివిన నేనూ సరే అన్నాను. గుంత మగ్గంలోకి కాళ్లు దించి, తొక్కుడు చెక్కల మీద పెట్టి, నడుముకు చీర కట్టి పూటంతా కూర్చోబెట్టేవాళ్లం. చెక్క కిందికి పోతేనే విచ్చుకునే పడుగు పోగులు ఒకరోజు కొంచెం విచ్చుకున్నాయి.

"మళ్లా తొక్కు" అన్నాను.

"నేనేడ తొక్కినానే?"

"తొక్కు సామీ!"

విచ్చుకున్నాయి. మూడుసార్లు తొక్కమంటే మూడుసార్లూ.

ఆ సంబరంలో ఒళ్లు చూడలేదు. స్పర్శ లేని పిరుదుకు చెక్క అంచు ఒత్తుకుని పుండైంది, ఎముక కనబడేదాకా పోయింది. రెండు నెలలు బోర్లా పడుకోబెట్టి డ్రెస్సింగులు. ఆ తప్పు నాది, ముసలామెది కాదు.

పుండు మానినాక మా మరిది స్టెమ్ సెల్ మాట తెచ్చినాడు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, కణాలు వేరుచేసి, వెన్నులో ఎక్కించినారు. రోజూ ఫిజియోథెరపీ. ఆర్నెల్లకు వాకర్ పట్టుకుని నిలబడినాడు.

"చూశారా రిజల్ట్!" అన్నాడు సూది వేసిన డాక్టరు.

"కాలు ముందే కదిలింది సార్. అదీ రాసుకోండి."

"అది స్పాజం అయ్యుంటుందమ్మా. కండరం దానంతటదే బిగుసుకుంటుంది."

"తొక్కమన్నప్పుడల్లా తొక్కే స్పాజం ఉంటుందా సార్?"

ఆయన పెన్ను మూసినాడు. "వదినా, ఊరుకో" అన్నాడు మా మరిది.

ఇప్పుడు మా ఆయన వాకర్‌తో వాకిలిదాకా వస్తాడు. మగ్గంలో మెత్త వేసుకుని కూర్చుని, మళ్లా పుండు పడకుండా పావుగంటకోసారి చేతుల మీద పైకి లేస్తాడు. మూత్రానికి ఇప్పటికీ కాథెటరే. ఆ సంగతి వీధిలో ఎవరూ చెప్పరు.

మొన్న గోరంట్ల నుంచి ఒకామె వచ్చింది. కూతురు మిద్దె మీద నుంచి పడిందట. "ఆ సూది యాడ ఏస్తారక్కా? మడి అమ్మేస్తాము" అనింది. అడ్రసు ఇచ్చినాను. ఒక్క మాట కూడా చెప్పినాను: సూదికి ముందు ఏ వేలు కదులుతోందో, స్పర్శ ఎక్కడిదాకా ఉందో తేదీతో రాసి డాక్టరు చేత సంతకం పెట్టించుకోమని. నేను ఆ పని చేయలేదు.

"సరే అక్కా, సూదితోనే కదా ఆయన లేచింది?" అనింది పోతూ పోతూ. చదివే మీలో డాక్టర్లుంటే చెప్పండి. ఆ సూది వేయించకుంటే, మా ఆయన ఈ వాకిలిదాకా వచ్చేవాడా, వచ్చేవాడు కాదా?