విత్తనాల దొప్ప కింద ఉత్తరం

చంద్రుడి రాయిని నేను మొదటిసారి తాకింది ఏన్కూరు దాటాక, ఒక మేకల దారి పక్కన. ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి ఏడు చదివే మమ్మల్నందరినీ బస్సులో కుక్కి ఫీల్డ్ వర్క్‌కు తీసుకెళ్లారు. మా లెక్చరర్ గారు చెమటతో ముద్దయిపోయి, ఒక బండ అంచును సుత్తితో కొట్టి, రాలిన ముక్కను నా చేతిలో పెట్టారు. "దీన్ని ఆనర్థొసైట్ అంటారు. చంద్రుడి మీద మనకు తెల్లగా కనిపించే భాగమంతా దాదాపు ఈ జాతి రాయే," అన్నారు.

నేను పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే. దుమ్ముగూడెం నుంచి అడవిలోకి నడిస్తే వచ్చే ముప్పై ఇళ్ల గూడెం మాది. దారిలో అడ్డొచ్చిన రాయినల్లా కాలితో తన్నుకుంటూ బడికి పోయినదాన్ని. మా జిల్లాలో చంద్రుడి చుట్టాలు ఇలా ఎండలో పడి ఉన్నాయని ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఒక్కరూ చెప్పలేదు. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. నా స్వభావమే అంత.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఆ చలికాలంలోనే మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక పరిశోధన సంస్థ, గ్రహాల సైన్సులో ఎండాకాలం రెండు నెలలు శిక్షణ ఇస్తుందట. ఉల్కల్ని, చంద్రుడి రాయిని పోలిన రాళ్లని కాగితమంత పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చదవడం నేర్పుతారట. రైలు చార్జీలు వాళ్లే పెట్టుకుంటారు, హాస్టలు వాళ్లదే, పైగా చేతిఖర్చుకు కొంత ఇస్తారు. బాగా చేసినవాళ్లకు అక్కడే పీహెచ్‌డీకి దారి దొరుకుతుంది. దేశం మొత్తం మీద తీసుకునేది కొద్దిమందినే.

మా అయ్య అప్పుడు సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు కూలీ. నీలగిరి దుంగల బెరడు తీసే పని. ఈ సంగతి చెప్తే నమ్మలేదు.

"రాళ్లు చూసినందుకు పైసలిస్తరా? నన్ను గూడ పెట్టుకోమను. కట్టెలు కూసోని చూస్తా."

దరఖాస్తు లెక్చరర్ గారే దగ్గర కూర్చుని నింపించారు. జవాబు రావలసిన చిరునామా దగ్గర ఇద్దరం ఆగాం. ఎండాకాలం హాస్టలు మూసేస్తారు. ఉత్తరం అక్కడికొస్తే గేటు దగ్గరే చెదలు పడుతుంది. అందుకని ఇంటి చిరునామా రాశాను. తెలివైన పని చేశానని ఆయన మెచ్చుకున్నారు కూడా.

మా గూడేలకు పోస్టు ఎలా చేరుతుందో చెప్పాలి. పోస్ట్‌మ్యాన్ అడవిలోకి రాడు. సంత రోజున సంచి తీసుకుని టీకొట్టు బల్ల మీద కూర్చుంటాడు. ఏ ఊరి మనిషి కనబడితే ఆ ఊరి ఉత్తరాలు చేతిలో పెడతాడు. మేమూ అలాగే అలవాటు పడ్డాం. ఎన్నడూ ఒక్క ఉత్తరం పోలేదు.

పరీక్షలు రాసి నేను ఇంటికి చేరేసరికి ఎండలు ముదిరాయి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అయ్య సారపాకలో కిరాయి గదిలో ఉండి వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నేనూ, అయ్య తల్లి అయిన మా అవ్వా. వచ్చిన రోజే అవ్వను అడిగాను, నాకేమైనా ఉత్తరం వచ్చిందా అని. అవ్వ ఇప్పపువ్వు చెరుగుతూ తల ఎత్తకుండా నవ్వింది.

"వస్తది బిడ్డా. నీకు రావాల్సింది ఏడికి పోతది?"

మేం ఇంట్లో మాట్లాడుకునేది మా భాష. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ, ఆ రోజు అవ్వ అన్న మాటలో అబద్ధం లేదు. నిజం కూడా లేదు. ఆ నవ్వులోని అర్థాన్ని నేను పట్టుకోలేకపోయాను.

ప్రతి సంతకూ పోయాను. పాత పోస్ట్‌మ్యాన్ తన బిడ్డ పెళ్లని సెలవు పెట్టాడు. ఆయన బదులు వచ్చిన మనిషి సంచి తిరగేసి, "మీ ఊరికి ఏం లేవమ్మా" అన్నాడు. దుమ్ముగూడెం వెళ్లి లెక్చరర్ గారికి ఫోన్ చేస్తే, "వాళ్లు నేరుగా నీకే రాస్తారు, కంగారు పడకు" అన్నారు. కంగారు పడక ఏం చేయను? తోటి దరఖాస్తుదారులందరూ రైళ్లెక్కుతున్నట్టు, నేనొక్కదాన్నే ఇప్పపువ్వు ఎండబోస్తున్నట్టు ఊహించుకుని ఉడికిపోయేదాన్ని.

విచిత్రం ఏమిటంటే ఆ ఎండాకాలం నాకంటే అవ్వే ఎక్కువ తొందర పడింది. విత్తనాల పండగ ఎప్పుడు పెడతారని ఊరి పెద్ద ఇంటికి మూడుసార్లు పోయొచ్చింది. ఆ పండగ చేస్తే గాని మా ఊళ్లో ఎవరూ గింజ నేలలో వేయరు. ఇంటింటి నుంచి గుప్పెడు విత్తనాలు ఆకు దొప్పలో తెచ్చి వేల్పు ముందు పెడతారు. ఊరి పెద్ద వాటి మీద కోడిని కోసి, పసుపు చల్లి, ఎవరి దొప్ప వాళ్లకు తిరిగిస్తాడు. ఆ ఏడు ఊళ్లో ఒక ముసలాయన చనిపోవడంతో మైల పడి పండగ రెండు వారాలు వెనక్కి పోయింది. అవ్వ ఆ రోజు అన్నం తినలేదు.

"ఏంది అవ్వా, నువ్వేమన్న నూరెకరాలు దున్నుతవా గంత తొందర?" అని ఎగతాళి చేశాను.

"నీకేం ఎరుక," అంది.

చివరికి జల్లు పడింది, పండగ వచ్చింది. ఊరంతా వేల్పు ముందు చేరింది. అవ్వ మా ఇంటి దొప్పను రెండు చేతులతో పట్టుకుని పోయి పెట్టింది. పెద్ద తన పని చేశాడు. దొప్ప తిరిగి చేతికొచ్చాక అవ్వ నేరుగా నా దగ్గరకొచ్చి, దొప్ప ఎత్తి, దాని కింద చాటు చేసి తెచ్చిన పొడుగాటి కవరు తీసి నాకిచ్చింది. కవరు మీద పసుపు. ఒక మూల కోడి రక్తం. మధ్యలో నా పేరు, టైపు కొట్టిన అక్షరాలతో.

"మొదలు నువ్వే ఇప్పు," అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. చుట్టూ అందరూ నవ్వుతూ చూస్తున్నారు.

చింపి చదివాను. నన్ను తీసుకున్నారు. నా పేరు, రైలు పాసు సంగతి, ఎవరి దగ్గర పనిచేయాలో ఆయన పేరు, అన్నీ ఉన్నాయి. చివరన చేరవలసిన గడువు ఉంది. అది దాటి పదకొండు రోజులైంది.

అది మన ఇంట్లోనే ఉందా? ఎప్పటి నుంచి? అడిగాను. నేను ఊరికి రావడానికి నాలుగు రోజుల ముందు సంతలో పాత పోస్ట్‌మ్యాన్ ఇచ్చాడట. పెద్ద ఆఫీసు నుంచి మీ మనవరాలికి వచ్చిందని కూడా చెప్పాడట. నెలకు పైగా అది నేను పడుకునే చోటికి నేరుగా పైన, దూలానికి వేలాడే విత్తనాల బుట్టలో ఉంది. నేను మంచం మీద పడుకుని రోజూ ఆ బుట్టనే చూస్తూ, ఉత్తరం ఎందుకు రాలేదా అని కుమిలిపోయాను.

మా ఇళ్లలో మొదటి కాపు దేన్నీ వేల్పుకు చూపకుండా ముట్టరు. మొదటి మామిడికాయ ఇంటికొస్తే దాని పేరు కూడా ఎత్తరు. చిన్నప్పుడు నేను ఎత్తితే అవ్వ మూతి మీద ఒకటి వేసింది. ఇదంతా నాకు తెలుసు. ఆ కట్టుబాటు కాగితానికి కూడా పనిచేస్తుందని మాత్రం నాకు కలలోనైనా తోచలేదు.

దుమ్ముగూడెం దాకా పరుగు లాంటి నడక. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. అవతల ఒక పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. వారం చూశామని, జవాబు రాకపోతే సీటు తర్వాతి వాళ్లకు ఇచ్చేశామని చెప్పాడు. ఎందుకు రాయలేదని అడిగాడు. ఉత్తరం విత్తనాల బుట్టలో ఉందని చెప్పడానికి నా దగ్గరున్న ఇంగ్లీషు చాలలేదు. పోస్టు ఆలస్యమైందని చెప్పాను. పాపం, ఆ పోస్ట్‌మ్యాన్ చేసిన తప్పేమీ లేదు.

ఇంటికొచ్చి అవ్వ మీద అరిచాను. ఊరంతా వినేలా అరిచాను. చదువు రానిదానివి నీకెందుకు, నా బతుకు బుట్టలో పెట్టావ్ అన్నాను. అన్నం పెట్టిన మనిషిని ఆ మాటలన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"మొదలు వచ్చిన దాన్ని చూపకుండ ముడితే, ఎన్కనుంచి ఇంకోటి రాదంటరు బిడ్డా. నీకు ఒక్కటేనా రావాల్సింది? మస్తు రావాల్నని పెట్టిన," అంది. బుట్ట వైపు చూసి, "ఎండ తగలనియ్యలే, వాన తగలనియ్యలే. కాగితం గూడ పాడైతదని నాకేం ఎరుక?" అంది.

వచ్చే ఏడు మళ్లీ పెట్టుకోమని లెక్చరర్ గారు చెప్పారు. పెట్టుకున్నాను. అప్పటికి ఎమ్మెస్సీ అయిపోయి, సారపాకలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తూ అయ్య గదిలోనే ఉంటున్నాను. మొదటి దరఖాస్తు నకలు చూసి రాయడంలో చిరునామా దగ్గర మళ్లీ గూడెం పేరే రాసేశాను. పోస్టులో వేశాక గాని గుర్తు రాలేదు. అప్పుడు పట్టుకున్న భయం చాలా రోజులు వదల్లేదు.

ఒక సంత రోజు, ఎండ నడినెత్తి మీద ఉండగా, బడి గేటు దగ్గర అవ్వ కనిపించింది. కాళ్లకు చెప్పుల్లేవు. సంతలో ఇప్పపువ్వు గంప పక్కామెకు అప్పగించి, ఉత్తరం చేతికి రాగానే ఆటో ఎక్కి భద్రాచలం, అక్కడి నుంచి ఇంకో ఆటోలో సారపాక వచ్చింది. అవ్వ ఒంటరిగా గోదావరి వంతెన దాటడం అదే మొదటిసారి. బిగించి పట్టుకున్న కవరు చెమటకు మెత్తబడింది.

"పండగ ఇంక నెల ఉన్నది. చూపలే. గీడికే తెచ్చిన," అంది.

అవ్వ తన జన్మలో ఎన్నడూ చేయని పని అది. అక్కడే గేటు దగ్గర కవరు చింపాను.

ఉత్తరం చిన్నది. ఈ శిక్షణ ప్రస్తుతం చదువుతున్న విద్యార్థులకు మాత్రమేనని, చదువు పూర్తయిన వారిని తీసుకోలేమని, నా ఆసక్తికి ధన్యవాదాలని రాశారు. రెండుసార్లు చదివాను. అంటే ఇది మళ్లీ మళ్లీ వచ్చేది కాదు. నాకున్నది ఒక్కటే ఏడు. అది పోయిన ఏడు బుట్టలో అయిపోయింది.

అవ్వ నా ముఖం వైపే చూస్తోంది.

"టైముకు అందిందా బిడ్డా?"

"అందింది అవ్వా. టైముకే అందింది."

నా నోటి నుంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. అవ్వ అక్కడే నేల మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, నీళ్లడిగింది. రెండు గ్లాసులు తాగింది. సంత విడిచేలోపు గంప దగ్గరికి పోవాలని లేచి వెళ్లిపోయింది.

నెల తర్వాత విత్తనాల పండక్కి ఊరికి పోయాను. శిక్షణకు ఎందుకు పోలేదని అవ్వ అడిగితే, వానలు వెళ్లాక పిలుస్తారని ఇంకో అబద్ధం చెప్పాను. వేల్పు ముందుకు దొప్ప పట్టుకుని పోవలసిన అవ్వ గుంపు బయటే నిలబడిపోయింది. ఆ ఏడు వచ్చిన ఉత్తరాన్ని వేల్పుకు చూపకుండా ముట్టానని తనే ఊరి పెద్ద దగ్గర ఒప్పుకుందట. తప్పు కింద ఇంట్లో గుడ్లు పెట్టే కోడిని ఇచ్చేసిందట. ఆ ఏడాది దొప్ప పట్టే అర్హత ఆమెకు లేదన్నారు.

"నువ్వు పట్టుకపో బిడ్డా. నీ ఉత్తరం అందింది గద, నాకు గంతే చాలు," అంది.

దొప్ప పట్టుకుని పోయాను. ఊరి పెద్ద మా కోడిని కోసి, గింజల మీద పసుపు చల్లి తిరిగిచ్చాడు. గుంపు బయట నుంచి అవ్వ మెడ చాచి చూస్తోంది. నేను ఆమె వైపు చూసి తల ఊపాను.