“వచ్చానక్కా” అన్న నలభై మూడు పేపర్లు

మా వదిన పనిచేసే యూనివర్సిటీకి తరగతి గదులు లేవు, గంట లేదు, బల్లలు లేవు. ఉన్నదల్లా ఒక మేడ మూడో అంతస్తులో రెండు గదులు, వాటిలో పదకొండు కంప్యూటర్లు, తిరిగినంతసేపూ కిర్రుమనే ఒక ఫ్యాను. చదువుకునేవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. పాఠాలు ఇంట్లోనే వింటారు, పరీక్షలు కూడా ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాస్తారు. ప్రోగ్రామింగ్ కోర్సు పరీక్షలు జరిపించే బాధ్యత వదినది. అందుకే విద్యార్థులంతా ఆమెను పరీక్షలక్క అంటారు. వాళ్ళలో ఒకాయన రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన కూడా అక్కా అనే పిలుస్తారు. “మీకంటే పదిహేనేళ్ళు చిన్నదాన్నండీ” అని వదిన మొత్తుకుంటే, “చదువులో మీరు ముందు పుట్టారు కదమ్మా” అన్నారట.

ఆ మాటలో నిజం ఉంది. వదిన మొదట ఒక బడిలో టైపిస్టు. ఈ ఉద్యోగంలో చేరాక, తాను పరీక్ష పెట్టే చదువేమిటో తనకు తెలియకపోతే బాగుండదని నలభై రెండేళ్ళ వయసులో ఆ కోర్సుకే ఫీజు కట్టింది. మొదటిసారి పరీక్షలో చేతులు వణికి నలభై నిమిషాలు ఒక్క అక్షరం కొట్టలేకపోయింది. రెండోసారి, ఏమీ తోచక, కంప్యూటరు చేత “వచ్చాను” అని పలికించే ఒక్క లైను రాసి నడిపించింది. తెర మీద ఆ మాట పడింది. బడిలో హాజరు పిలిచినప్పుడు పలికినట్టు అనిపించిందట. వణుకు పోయింది, పరీక్ష పోలేదు.

ఈ ఏడు ఆఖరి పరీక్షకు రెండు వందల పన్నెండు మంది. వాళ్ళకు కెమెరా ఎలా పెట్టుకోవాలో, పేపరు ఎలా తెరవాలో అలవాటు చేయడానికి పరీక్షకు వారం ముందు వదిన ఒక ప్రాక్టీసు క్లాసు పెట్టింది. ఉదయం ఒక జట్టు, సాయంత్రం ఎక్కువగా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ జట్టు. ఉదయం క్లాసులో ఒక నర్సు చెయ్యెత్తింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా కెమెరా ముందు కూర్చున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అక్కా, నాకు చేతులు వణుకుతాయి. సూది గుచ్చేటప్పుడు వణకవు, ఇక్కడ వణుకుతాయి.”

ఆమె సంగతి వదినకు తెలుసు. ఈ కోర్సుకు మూడు అవకాశాలే ఇస్తారు. ఆమెకు ఇది మూడోది. పాసైతే ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. పదహారేళ్ళు వార్డులో నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి ఆమెకు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి.

వదిన తన కథ చెప్పింది. “వణుకు వస్తే మొదట ఒక్క లైను రాయండి. తెర మీద ‘వచ్చానక్కా’ అని పడేట్టు. నడిపించి చూసుకోండి. ఆ తర్వాత దాన్ని చెరిపేసి అసలు జవాబు రాయండి.” అందరూ నవ్వారు, అందరూ రాసి చూశారు.

సాయంత్రం జట్టుకూ అదే చెప్పింది. నర్సు ఆ క్లాసుకూ వచ్చింది. ఒకసారి వింటే సరిపోదనుకుందేమో. అంతా ఆ లైను రాస్తుండగా ఎవరింట్లోనో చంటిపిల్ల పాకుతూ కెమెరా ముందుకొచ్చి బోసినోరు తెరిచింది. నవ్వులే నవ్వులు. ఈలోగా టైమైపోయి క్లాసు దానంతటదే మూసుకుపోయింది.

పరీక్ష ఆదివారం పొద్దున. ఎవరి గది వాళ్ళు కెమెరా తిప్పి నాలుగు మూలలా చూపించాలి. ఒకరి గదిలో మంచం మీద ఎవరో పడుకుని ఉన్నారు.

“ఎవరమ్మా అది?”

“మా అమ్మమ్మ అక్కా. ఆమెకు ప్రోగ్రామింగ్ రాదు, ఉండనివ్వండి.”

“రాకపోయినా రూలు రూలే తల్లీ, పక్క గదిలో పడుకోబెట్టు” అంటే, అమ్మమ్మ లేచి కూర్చుని, “నేనేం చెప్తాననే దీనికి? నాకు ఫోన్ కట్ చెయ్యడమే రాదు” అని విసుక్కుంటూ వెళ్ళింది. లారీ డ్రైవరు ఒకతను రోడ్డు పక్కన బండి ఆపుకుని, స్టీరింగు మీద చెక్క పలక పెట్టుకుని, దాని మీద లాప్‌టాప్ ఆనించి రాశాడు. మూడు గంటలు చక్కగా గడిచాయి. వదిన ఇంటికొచ్చి దేవుడికి దండం పెట్టుకుని భోంచేసింది.

సోమవారం పొద్దున్నే సర్వరు బాబాయి ఫోన్. ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునే పెద్దమనిషి ఆయన. “ఏమ్మా, నువ్వు వెంటనే రా” అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఆ పరీక్ష పేపర్లు దిద్దేది మనుషులు కాదు. ప్రతి ప్రోగ్రాముకూ యంత్రం ఐదు రకాల లెక్కలు ఇచ్చి నడిపిస్తుంది. రావలసిన జవాబు పొల్లుపోకుండా వస్తే ఒక్కో లెక్కకు ఐదు మార్కులు. జవాబుకు ముందు గాని వెనక గాని ఒక్క మాట ఎక్కువ పడినా సున్నా. మొదటి ప్రోగ్రాములో నలభై మూడు మందికి సున్నా వచ్చింది. ఎందుకా అని బాబాయి తెరిచి చూస్తే, జవాబుకు పైన ఒక మాట ఉంది. నలభై మూడు పేపర్లలోనూ అదే మాట.

వదిన ఆఫీసుకు వచ్చి ఆ జాబితా చూసింది. నలభై మూడు పేర్లూ సాయంత్రం క్లాసుకు వచ్చినవాళ్ళవే. ప్రాక్టీసు క్లాసుల రికార్డింగులు రెండూ పెట్టుకుని విన్నది. ఉదయం “చెరిపేసి” అని చెప్పింది. సాయంత్రం చెప్పలేదు. చంటిపిల్ల నవ్వింది, క్లాసు మూసుకుంది, అంతే. జాబితాలో నర్సు పేరు కూడా ఉంది. ఉదయం విన్నా, కంగారులో సాయంత్రం చేసినట్టే చేసింది. మిగతా ప్రశ్నల్లో ఆమెకు ముప్పై వచ్చాయి. పాస్ కావడానికి యాభై కావాలి.

మధ్యాహ్నం పెద్దసారు మీటింగు పెట్టారు. కోర్సుకు పెద్ద ఆయన. ఈ ఏడే వచ్చారు. వేరే ఊళ్ళో ఉంటారు, తెర మీదే కనిపిస్తారు. వదినను కోఆర్డినేటరు గారూ అంటారు తప్ప ఆమె ముద్దుపేరు ఆయన చెవిన పడలేదు.

“నలభై మూడు మంది, ఒకటే మాట, ఒకటే చోట. ఇది కాపీ కాక మరేమిటండీ?” అన్నారు పెద్దసారు. “కాపీ అయితే అందరూ ఏడాది బయట కూర్చోవాలి. అసలు ఎవరీ అక్క? ఈ ముఠాకు నాయకురాలా?”

సర్వరు బాబాయి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“నేనేనండీ” అంది వదిన.

“ఏది మీరు?”

“ఆ అక్కను.”

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వదిన జరిగిందంతా చెప్పింది.

“పరీక్షల విభాగం వాళ్ళు జవాబులో రాసే ఒక్క అక్షరం కూడా విద్యార్థులకు చెప్పకూడదు. ఆ నిబంధన తెలుసా మీకు?”

“తెలుసండీ. ఆ కాగితం టైపు చేసింది నేనే.”

“తెలిసీ చెప్పారా?”

“అది జవాబు అనుకోలేదండీ, ధైర్యం అనుకున్నాను. చెరిపెయ్యమనడం మరిచిపోయాను. రికార్డింగు ఉంది, మీరే వినండి. నాకు ఏ శిక్ష వేసినా సరే, వాళ్ళను బయట కూర్చోబెట్టకండి.”

ఆయన ఆ పూటంతా రికార్డింగు విన్నారు. సాయంత్రం మళ్ళీ తెర మీదికి వచ్చారు. “కాపీ కాదని ఒప్పుకుంటున్నాను. ఆ లైను మనం తీసేసి మళ్ళీ దిద్దితే?”

“తీయడం చిటికెలో పని సార్” అన్నాడు బాబాయి. “కాని విద్యార్థి రాసింది మనం ముట్టుకోకూడదు. ఆ నిబంధనల కాగితం మీద సంతకం మీదే.”

పెద్దసారు కాసేపు తల గోక్కున్నారు. చివరికి తేల్చింది ఇది: మంగళ, బుధవారాల్లో నలభై మూడు మందీ ఒక్కొక్కరుగా కెమెరా ముందుకు రావాలి. తమ పేపరు తామే తెరిచి ఆ ఒక్క లైను తమ చేత్తో చెరపాలి. ఇంకొక్క చుక్క కూడా కదపకూడదు. అంతా రికార్డు కావాలి. బుధవారం నాలుగు గంటలకు ఆ పేజీ మూసుకుపోతుంది. వదిన దగ్గరుండి జరిపించాలి, సంజాయిషీ కూడా రాసి ఇవ్వాలి.

రెండు రోజులూ వదిన కుర్చీలోంచి లేవలేదు. మా అన్నయ్య కళ్ళజోళ్ళ షాపుకు మధ్యాహ్నం తాళం వేసి, ఆ మూడు అంతస్తులూ ఎక్కి భోజనం ఇచ్చి వచ్చేవాడు. “ఏమోయ్ నాయకురాలా, ముఠా ఎంతవరకు వచ్చింది?” అని అడిగేవాడు. లారీ డ్రైవరు మళ్ళీ బండి ఆపుకుని వచ్చాడు. పోస్టుమాస్టరు గారు లైను చెరిపే ముందు, “అక్కా, చెరపబుద్ధి కావడం లేదమ్మా” అన్నారు. “చెరపండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది” అంది వదిన. ఒక్కరూ విసుక్కోలేదు. మా వల్లే మీకు మాట పడిందని వాళ్ళే ఆమెను ఓదార్చారట.

బుధవారం మూడున్నరకు నలభై రెండు మంది అయిపోయారు. నర్సు రాలేదు. ఫోన్ మోగుతుంది, ఎత్తదు. మూడూ నలభై అయింది. నలభై ఐదు అయింది. వదిన మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ తెర వంకే చూస్తోంది. సర్వరు బాబాయి పనేమీ లేకపోయినా అక్కడే నిలబడ్డాడు.

మూడూ యాభై రెండుకు తెర మీద నర్సు ముఖం కనిపించింది. వెనక మడతపెట్టిన దుప్పట్లు దొంతరలుగా ఉన్నాయి.

“అక్కా, వార్డులోకి ఇప్పుడే ఒక పెద్దాయన్ని తెచ్చారు, అందుకే ఆలస్యం. నా ఆరు మంచాలూ మా సీనియరమ్మ చూస్తానంది. ‘పోవే, తొందరగా పాసై మా నెత్తి మీంచి దిగు’ అని తోసింది. దుప్పట్ల గదిలో ఉన్నాను, ఇక్కడైతేనే సిగ్నలు.”

“ఊపిరి తీసుకో తల్లీ. పేపరు తెరువు. పై లైను చెరిపెయ్.”

నర్సు చెరిపింది. చేతులు వణకలేదు. సేవ్ నొక్కబోయి ఆగింది. ఆ ప్రశ్న ఏమిటంటే, కొందరి మార్కులు ఇస్తే యాభై గాని అంతకు మించి గాని వచ్చినవాళ్ళు ఎందరో లెక్కపెట్టాలి. ఆమె తెరకు దగ్గరగా వంగింది.

“అక్కా, కింద ఒక తప్పు కనిపిస్తోంది. యాభై కంటే ఎక్కువ అని రాశాను. సరిగ్గా యాభై వచ్చినవాళ్ళు లెక్కలోకి రారు. ఒక్క గుర్తు చాలు అక్కా. పెట్టనా?”

ఒక్క గుర్తు. ఇది ఆ మనిషికి ఆఖరి అవకాశం. ఆ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఈ క్షణంలో దేవుడు తన నోట్లో ఏ మాట పెడతాడా అని తానే ఎదురుచూసిందట. గడియారంలో మూడూ యాభై ఏడు.

“వద్దు తల్లీ” అంది వదిన. “ఆ లైను ఒక్కటే. మిగతాది ఆ రోజు రాసినట్టే ఉండాలి. నీకు ఒప్పుకుంటే మిగతా నలభై రెండు మందికీ ఏం చెప్పను?”

నర్సు కీబోర్డు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత నవ్వింది. “నిజమే అక్కా. మందు తప్పిచ్చి తర్వాత చార్టు దిద్దితే మా సీనియరమ్మ కూడా ఊరుకోదు.” సేవ్ నొక్కి, దుప్పట్ల మధ్య నుంచి గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వదిన సంజాయిషీ రాయడానికి కూర్చుని నాలుగు కాగితాలు చింపింది.

శుక్రవారం ఫలితాలు. పొద్దున్నే పెద్దసారు ఫోన్ చేశారు. “నలభై మూడు వీడియోలూ చూశానండీ. ఆ నర్సమ్మ గుర్తు పెట్టనా అని అడిగినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీరు సరేనని ఉంటే ఆ పేపరు రద్దు చేయక తప్పేది కాదు.”

“ఎంత వచ్చింది సార్?” అంది వదిన.

“యంత్రం ఇచ్చిన ఐదు లెక్కల్లో ఒక్కదాంట్లోనే సరిగ్గా యాభై మార్కులవాడు ఉన్నాడు. అది పోయింది, నాలుగు నిలిచాయి. ముప్పైకి ఇరవై కలపండి.”

వదిన కలపలేదు, ఏడ్చింది. పెద్దసారు ఆమె ఆగేదాకా ఓపిగ్గా ఉండి అన్నారు. “మీ సంజాయిషీ ఫైల్లో పెట్టాల్సిందే, తప్పదు. వచ్చేసారి ప్రాక్టీసు క్లాసుకు నేనూ వస్తాను. ధైర్యం మీరు చెప్పండి, చెరిపెయ్యమని నేను చెప్తాను.”

మధ్యాహ్నం నర్సు ఫోన్. మాట కంటే ముందు నవ్వు వచ్చింది. “అక్కా, యాభై! సరిగ్గా యాభై! నా పేపరు నా ప్రోగ్రామే దిద్ది ఉంటే నేను ఫెయిలే కదక్కా!” వెనక నుంచి సీనియరమ్మ కాబోలు, “ఇక దిగవే నెత్తి మీంచి” అని అరుస్తోంది.

పది రోజులకు రికార్డుల గదిలో చేరింది. చేరిన రోజున వదినకు ఒక ఫైలు పంపింది. ఆ గుర్తు సరిచేసిన ప్రోగ్రాము. మార్కులు లేవు, అడిగేవాళ్ళు లేరు, మనసు ఊరుకోక చేసినట్టుంది. వదిన దాన్ని ఇంట్లో తన కంప్యూటరు మీద పెట్టి, ఐదు లెక్కలూ ఇచ్చి నడిపించింది. ఐదూ సరిగ్గా వచ్చాయి.

మా అన్నయ్య భుజం మీంచి తొంగి చూశాడు. “ఎన్ని వేస్తావోయ్?”

“వెయ్యడానికి నా దగ్గర మార్కులెక్కడివండీ” అని, వదిన ఇంకోసారి మొదటి నుంచి నడిపించి చూసుకుంది.