నీళ్ల కింది పేరు

ప్రేమమణి టీచరు గారికి గుసగుసలాడడం చేతకాదు. ముప్పై ఏళ్లు రాంగోపాల్‌పేట్‌లో ఆడపిల్లల బడిలో ఎక్కాలు చెప్పిన గొంతు అది. చెవిలో చెప్పినా వీధికి వినపడేది. మా స్థల చరిత్ర సంఘానికి ఆవిడతో వచ్చిన చిక్కంతా అదే. ఆ మాటకొస్తే, మాకు వచ్చిన పేరంతా కూడా అదే.

నేను ఆ సంఘం కార్యదర్శిని, ఆర్థర్‌ని. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఆ బడి హాల్లోనే ఉపన్యాసం పెట్టేవాళ్లం. మాటలన్నీ ఇంగ్లీషులో. మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు పక్క వసారాలో వెదురు తడిక వెనక చాపలు. ఆ చాపల మీద ఇంగ్లీషు వచ్చింది ఒక్క ప్రేమమణి గారికే. పంతొమ్మిదేళ్ల వయసులో బాపట్ల వైపు నుంచి ఒంటరిగా ఉద్యోగానికొచ్చి, పిల్లల తల్లుల దగ్గర ఉర్దూ పట్టుకుని, పెళ్లి మాటెత్తితే "బడికి సెలవు దొరకలేదు" అని నవ్వేసిన మనిషి. వక్త ఒక మాట అనగానే దాన్ని తెలుగులో, మధ్యమధ్య ఉర్దూ కలిపి, ఆ ఆడవాళ్లకు చెప్పేవారు. ఫలానా దొర ఫలానా ఏట పులిని చంపాడని వేదిక మీద అంటే, "పడుకున్న పులిని కాల్చాట్ట, మహా శూరుడు!" అని తడిక వెనక నుంచి వినపడేది. వెనక వరస మగవాళ్లు మెల్లగా కుర్చీలు అటు జరుపుకునేవారు. నాకూ అక్కడే కూర్చోవాలని ఉండేది. కానీ కార్యదర్శి అన్నవాడు ముందు వరసలో కూర్చుని తల ఊపాలి కదా!

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక ఏడాదికి పైగా హాలు తెరవలేదు. కొందరు సభ్యులు ఊరు వదిలారు, కొందరు ఇల్లు కదలడం మానేశారు. 1950లో మళ్లీ మొదలుపెడితే సగం కుర్చీలు ఖాళీ. చాపలు మాత్రం నిండాయి. ప్రేమమణి గారు గుమ్మం గుమ్మం ఎక్కి, పాత విద్యార్థినుల తల్లులందరినీ లాక్కొచ్చారు. వాళ్లలో జైతున్ బీ ఒకామె. బొంతలు కుట్టుకుని బతికే వితంతువు.

ఆమె ఎప్పుడూ ఆలస్యంగా, రొప్పుతూ వచ్చేది. ఎందుకని టీచరు గారు నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. ఆమె ఇంటి ముందే దిగుడు బావి ఉంది. అయినా నీళ్లకు బోయిగూడ దాకా నడుస్తోంది. పోలీసు చర్య తర్వాత గల్లీలో నలుగురు మగవాళ్లు ఆమెను ఆపి, "మీ రాజ్యం పోయింది. ఇగ ఈ మెట్లు దిగకు" అన్నారట.

"పోనీ తీ టీచరమ్మా. కాళ్లున్నయి, నడుస్తున్న. లొల్లెందుకు?" అంది జైతున్ బీ.

టీచరు గారికి ఒళ్లు మండింది. నేరుగా వెళ్లి వాళ్లను పట్టుకున్నారు. "ఆ బావి తెల్లదొర తవ్విచ్చిండు. ఆమెకేం హక్కున్నది?" అన్నారు వాళ్లు. "మీకేం హక్కుందిరా? దొర మీ మేనమామా?" అని అడిగారు ఈవిడ. అయినా వాళ్లు దారి వదల్లేదు.

ఏప్రిల్‌లో మా అధ్యక్షులు జకర్యా గారు ఊరి బావుల మీద ఉపన్యాసం ఇచ్చారు. రైల్వేలో ఇంజనీరుగా పని చేసి రిటైరైన పెద్దమనిషి. మంచివారే, కాకపోతే దొరలు ఓడెక్కి మూడేళ్లయినా ఆయన మనసులోంచి దిగలేదు. దిగుడు బావి గట్టు మీద ఒక కర్నల్ పేరు చెక్కి ఉందనీ, దాన్ని తవ్వించింది ఆయనేననీ, త్వరలో సంఘం అక్కడ పాలరాతి ఫలకం పెట్టబోతోందనీ ప్రకటించారు. ప్రేమమణి గారు తడిక వెనక ఆ మాట తెలుగులో చెప్పారు. ఆ వెంటనే ఇంకో గొంతు లేచింది.

"గలత్! అది మా దాదీ తవ్విచ్చింది!"

హాలంతా తలలు తిప్పింది. మా సంఘంలో ప్రశ్న అడగాలంటే చీటీ మీద ఇంగ్లీషులో రాసి కార్యదర్శికి ఇవ్వాలి. జకర్యా గారు అదే గుర్తు చేశారు. అప్పుడు ప్రేమమణి గారు తడిక పక్కకు నెట్టి, జైతున్ బీ చెయ్యి పట్టుకుని మగవాళ్ల మధ్యకు నడిచొచ్చారు.

"ఈవిడకు చీటీ రాయడం రాదండీ. నోరుంది. వినండి" అన్నారు.

జైతున్ బీ ముసుగు సర్దుకుని చెప్పింది. "కరువు సాలు మా దాదీ, మా నాయినమ్మ, తవ్విచ్చింది. పని చేసేటోళ్లకు తనే రొట్టెలు కాల్చి పెట్టింది. తర్వాత గిలక ఇరిగితే దొర కొత్తది ఏపిచ్చిండు, గట్టు మీద పేరు రాయిచ్చుకున్నడు. మా దాదీ పేరు కిందున్నది, నీళ్లల్ల. ధర్మం జేసి పేరు పైన పెడ్తే సవాబ్ పోతది, పున్నెం దక్కదన్నది. బావి ఎండిననాడు నా కండ్లతోని సూసిన. అప్పుడు చిన్నపిల్లను."

ఇన్నేళ్లూ వేదిక మాటను తడిక వెనక్కి చేరవేసిన ప్రేమమణి గారు, ఆ రోజు తడిక వెనక మాటను ఇంగ్లీషు చేసి వేదికకు చెప్పారు. కొందరు నవ్వారు. "చేసిన మంచి పని మీద పేరు దాచుకునేవాళ్లు ఎవరు?" అన్నారు జకర్యా గారు, ఇంగ్లీషులోనే. ఆయన తప్పేం లేదు. మా సంఘానికి కుర్చీ ఇచ్చిన ప్రతివాడూ దాని వీపు మీద పేరు రాయించుకున్నాడు, నాతో సహా. అలాంటివాళ్లం పైన కనపడే పేరునే నమ్ముతాం, ఇంకేం చేస్తాం?

"వచ్చే నెల పూడిక తీయిద్దాం. ఆ పేరున్న రాయి లేకపోతే నేను మళ్లీ ఈ హాల్లో అడుగు పెట్టను" అన్నారు ప్రేమమణి గారు. నాకు భయమేసింది. రాయి దొరక్కపోతే ఈవిడకు పోయేది ఒక హాలు. జైతున్ బీ అయితే ఊరందరి ముందూ అబద్ధాలకోరవుతుంది, ఆ మెట్లు ఇక జన్మలో దిగలేదు. జకర్యా గారు నా వంక చూశారు, కాదనమని. చిన్నప్పుడు బడి వదిలాక ఇంటి దగ్గర కూర్చోబెట్టి నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే. కాదనే ధైర్యం నాకెక్కడిది? మినిట్స్ పుస్తకం తెరిచి, "సంఘం తరఫున బావి పూడికతీత" అని రాసేశాను. నా పదవీకాలంలో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

మే నెలలో మూడు రోజులు వడ్డెర మనుషులు నీళ్లు తోడారు, బురద ఎత్తారు. మా ఉపన్యాసాలకు ఎన్నడూ రానంత జనం వచ్చారు. జైతున్ బీని ఆపిన నలుగురూ గట్టెక్కి కూర్చున్నారు, నవ్వడానికి సిద్ధంగా. మూడో రోజు మధ్యాహ్నానికి ఆఖరి మెట్టు తేలింది. రాయి లేదు.

నలుగురిలో పెద్దవాడు గట్టిగా నవ్వాడు. జైతున్ బీ కళ్లు మూసుకుని, చిన్నప్పుడు చూసిన చోటును గుర్తు చేసుకుంది. "ఊట దిక్కు… తూర్పుకు సూడుండ్రి" అంది చివరికి.

ప్రేమమణి గారు ఎవరి కోసమూ ఆగలేదు. యాభై రెండేళ్ల మనిషి, కుచ్చిళ్లు ఎగదోపి, కొబ్బరి పీచు పట్టుకుని మోకాటి లోతు బురదలోకి దిగారు. తూర్పు గోడను తోమారు. పాకుడు ఊడింది, నల్లరాయి బయటపడింది. దాని మీద తెలుగు అక్షరాలు.

"జుబేదా బీ బావి!" అని చదివారు. "దప్పికైన వాళ్లందరిదీ!"

బావి ఆ గొంతును పట్టుకుని మళ్లీ పైకి విసిరింది. గల్లీ గల్లీ అంతా కేక పెట్టింది. వడ్డెర ఆడవాళ్లు తట్టలు వాయించారు. జైతున్ బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. జకర్యా గారు టోపీ తీసి నా చేతికిచ్చి, బూట్లతోనే బురదలోకి దిగి, ఆ రాతిని చేత్తో తడిమి పైకొచ్చారు.

"తప్పు నాదమ్మా" అన్నారు. సంఘం పనిలో ఆయన తెలుగు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. "పాలరాతి మీద మీ దాదీ పేరే చెక్కిస్తాం."

"వద్దు సారూ. ఆమె కింద పెట్టుకున్నది, కిందనే ఉండనీండ్రి. అందరు సూసిండ్రు గద, సాలు."

మూడు రోజులకు ఊట తేరుకుంది. పొద్దున్నే గల్లీ అంతా బిందెలతో వచ్చింది. ఎవరూ ముందుగా ముంచలేదు. పై మెట్టు మీద నిలబడ్డ ఆ పెద్దవాడు జైతున్ బీని చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె తల ఎత్తుకుని మెట్లన్నీ దిగి, నిండు బిందెతో పైకొచ్చి, అతని ముందు ఆగింది.

"చేతులు పట్టు బేటా" అంది. "అందరిదీ అని రాసింది మా దాదీ. అండ్ల నువ్వు సుత ఉన్నవు."

అతను తల దించుకుని దోసిలి పట్టాడు.