డ్రైవర్ దగ్గర వచ్చిన వాసన

నాది ఊరి బడి చదువు. ఫోన్‌లో ఒక్క వేలితో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

రేపు చిన్న మనవరాలితో అందరం శ్రీశైలం వెళ్తున్నాం. ఏ కిరాయి కార్ల వాళ్లు నమ్మకస్తులో మా అమ్మాయి ఫోన్‌లో స్టార్లు చూసి తేల్చింది. నాకు మనసు ఒప్పలేదు. సాయంత్రం నేనే నార్సింగిలో వాళ్ల ఆఫీసుకు వెళ్లి, మాతో వచ్చే డ్రైవర్‌ను చూపించమన్నాను. అతను కారు దగ్గరే ఉన్నాడు. పక్కకు చేరి మెల్లగా వాసన చూశాను. గుప్పుమంది.

"తాగినవా ఏంది?" అని అందరి ముందూ అనేశాను.

అతను రెండు చేతులూ నా ముక్కు ముందు పెట్టాడు. "మంచిగ చూడు పెద్దయ్యా, శానిటైజర్! చిన్న పాప వస్తదని మీ అమ్మాయి చెప్పిందంట, సీట్లు తుడుస్తున్న. నోరు గూడ ఊదాల్నా?"

ఓనర్ వచ్చి, "వేరేటోన్ని పంపాల్నా తాతా?" అన్నాడు. డ్రైవర్ నా వంకే చూస్తున్నాడు.

"వద్దు, ఈయననే పంపండి" అన్నాను. తప్పయిందన్న మాట మాత్రం నోట రాలేదు. తల వంచుకుని ఇంటికొచ్చేశాను.

రేపు ముందు సీట్లో అతని పక్కన కూర్చోవలసింది నేనే. మొదటి మాట ఏమనాలో తెల్లారేలోపు ఎవరైనా చెప్పండి.