పచ్చ చుక్కల కాపలా

ఆఫీసు ఉన్న రోజుల్లో అక్క జట్టును నడిపే తీరు చూస్తే ముచ్చటేసేది. బట్టలుతికే మిషన్లు మొరాయించినప్పుడు జనం ఫోన్ చేసి తిట్టిపోసే చోటు అది. వరసగా కుర్చీలు, చెవులకు హెడ్‌ఫోన్లు, ప్రతి ఫోన్‌కీ అవతల తడిబట్టలతో నిలబడ్డ ఒక కోపిష్టి. అక్క వాళ్ళ వెనకగా అటూ ఇటూ తిరుగుతూ వీపులు చదివేది. వీపు వంగిపోయిందంటే ఇంట్లో ఏదో గొడవ. మెడ బిగుసుకుందంటే అవతలి మనిషి మరీ మితిమీరుతున్నాడు. ఏ వీపుకు ఏం కావాలో కనిపెట్టి, ఒకరికి టీ, ఒకరికి చీవాట్లు, ఒకరికి ఊరికే భుజం మీద ఒక చెయ్యి. అందుకే తనకన్నా చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు, జట్టులో పెద్దాయన బాబాయ్ ఒక్కడు తప్ప. బాబాయ్ అందరికీ బాబాయే, ఆయనకు మాత్రం ఆమె 'అమ్మాయ్'.

ఆ తర్వాత కంపెనీకి ఆఫీసు అంతస్తు అద్దె దండగనిపించింది. తలా ఒక ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి, ఇళ్ళ నుంచే పని చేసుకోండని పంపేసింది. అక్క ఆఫీసు పడకగదిలోకి వచ్చి పడింది. మంచానికీ బీరువాకీ మధ్య ఇస్త్రీ బల్ల, దాని మీద ల్యాప్‌టాప్. బీరువా తెరవాలంటే అక్క లేచి నిలబడాలి. ఇంట్లోవాళ్ళందరికీ సరిగ్గా ఆమె మీటింగులో ఉన్నప్పుడే తువ్వాలు కావాల్సి వచ్చేది.

వీపులు పోయాయి. తెర మీద పేర్లు మిగిలాయి, పేరు పక్కన ఒక్కో చుక్క. మౌసు కదులుతుంటే చుక్క పచ్చగా ఉంటుంది, కాసేపు కదలకపోతే పసుపుగా మారుతుంది. వీపులు చదివిన మనిషి చేతికి చుక్కలిస్తే ఏం చేస్తుంది చెప్పండి? చుక్కలే చదవడం మొదలుపెట్టింది. అక్కడే పప్పులో కాలేసింది.

పసుపు కనబడితే చాలు, "ఉన్నారా?" అని ఒక సందేశం. పచ్చగా ఉన్నా మనసాగక ఇంకో "ఉన్నారా?" జట్టంతా "ఉన్నాం అక్కా" అని కోరస్. చెవిలో జోరీగలా ఈ ఉన్నారాలు పడలేక, ఆమె వెనకాల హాజరక్క అని పేరు పెట్టేశారు. ఆ సంగతి అక్కకు తెలుసు. తెలిసి కూడా, "నా మంచితనాన్ని అలుసుగా తీసుకుంటున్నారు" అని ఇంకో ఉన్నారా పంపింది. పంతం ఆమెకు పుట్టుకతో వచ్చింది మరి.

మెల్లమెల్లగా చుక్కలన్నీ పొద్దస్తమానం పచ్చగా కళకళలాడడం మొదలెట్టాయి. అక్క మురిసిపోయింది. అలా మురిసిపోతుండగానే ఒక సోమవారం బాబాయ్ దగ్గర్నుంచి రెండు ముక్కలు వచ్చాయి. "ఈ నెలాఖరుకు మానేస్తానమ్మాయ్. వేరే మనిషిని చూసుకో."

బాబాయ్ ఆమె కుడిభుజం. ఒంటికాలి మీద లేచిన మనిషి కూడా బాబాయ్‌తో కాసేపు మాట్లాడితే, ఫోన్ పెట్టేముందు తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకునేవాడు. పని మాట అలా ఉంచండి. బాబాయ్ లేని జట్టును తలుచుకుంటేనే అక్కకు ఏడుపొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"ఏమైంది బాబాయ్? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అబ్బే, ఏం లేదు. ఓపిక తగ్గింది, అంతే."

"నాక్కూడా చెప్పరా?"

బాబాయ్ నీళ్ళు నమిలి, వంట మాడిపోతోందని పెట్టేశాడు.

ఆయన్ని ఎలాగైనా ఆపాలి. బాగా ఆలోచించి అక్క కనిపెట్టిన మందు ఏమిటంటే, రోజూ మధ్యాహ్నం అందరితో ఒక మీటింగు. మనసు విప్పి మాట్లాడుకోవాలట! ఆ మీటింగులో, ఎప్పుడూ గలగలలాడుతూ ఉండే పిల్ల, అందరూ గలగల అనే పిలుస్తారు, "అంతా బాగుందక్కా" అంది. ఆవలింతలకు పేరుపడ్డాయన "అంతా బాగుంది" అని ఆవలించాడు. బాబాయ్ కూడా అదే మాట. అన్ని మనసులూ గట్టిగా గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం అందరూ లైన్లో ఉండగా బాబాయ్ చుక్క పసుపైంది. అక్క కళ్ళు అటే ఉన్నాయి కదా, "బాబాయ్, ఉన్నారా?" అంది. జవాబు లేదు. ఇంకోసారి అంది. ఎక్కడో చెప్పుల చప్పుడు, కుర్చీ తగిలిన శబ్దం, ఆ తర్వాత ఆయాసపడుతూ బాబాయ్.

"ఉన్నా, ఉన్నా! కరెంటు పోయిందమ్మాయ్."

"కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుందిగా?"

"ల్యాప్‌టాప్ నిక్షేపంలా ఉంది. ఫ్యానే ఆగిపోయింది."

"ఫ్యానుకీ మౌసుకీ సంబంధమేంటి బాబాయ్?"

బాబాయ్‌కి అబద్ధం అందిరాలేదు. అటూ ఇటూ తల తిప్పే బల్ల ఫ్యానుకు దారం కట్టి, ఆ దారం రెండో కొస మౌసుకు కట్టానని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఫ్యాను అటు తిరిగితే మౌసు అటు, ఇటు తిరిగితే ఇటు. గలగల ఇక ఆపుకోలేకపోయింది. "అయ్యో బాబాయ్, నాతో ఒక్క మాట అంటే పోయేదిగా! నేను మా పాప ఉయ్యాలకు కట్టాను. కరెంటుతో పనేలేదు!" ఆవలింతలాయన, వాళ్ళ నాన్న పేపరు చదువుకుంటూ తన మౌసును కాలితో కదుపుతుంటాడని ఒప్పుకున్నాడు. జట్టంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. అక్క ఒక్కతే నవ్వలేదు. లైను కట్ చేసి, ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు ఠంగుఠంగుమనిపించింది, పొయ్యి మీదున్నది మాడకుండా దించింది, కోపం మాత్రం దిగలేదు. గదిలోకి తిరిగొస్తూనే అత్తగారి ముందు ఏకరువు పెట్టింది.

"చూశారా అత్తయ్యా! ఫ్యానుకు కట్టారట, ఉయ్యాలకు కట్టారట! నన్నెంత వెర్రిదాన్ని చేశారో!"

"మోసమేనే, పచ్చి మోసం," అంది అత్తగారు. ఇస్త్రీ బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదకు జార్చుకుని, మౌసును గుండ్రంగా తిప్పుతోంది. "ఇంతకీ నేనిది ఎందుకు తిప్పుతున్నట్టు?"

పైనున్న ఆఫీసరుకు అక్క చుక్క కూడా కనబడుతుంది. తను వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా అత్తగారిని అక్కడ కూర్చోబెట్టే ఏర్పాటు అక్కే చేసింది. అది మోసమని ఒక్కనాడూ తోచలేదు. ఇంట్లో సవాలక్ష పనులుంటాయని ఆ ఆఫీసరుకు చెప్తే అర్థమవుతుందా అనుకుంది, అంతే. బాబాయ్ కూడా అక్క గురించి అదే అనుకున్నాడన్న మాట. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

మంచం మీద కూలబడి బాబాయ్‌కి ఫోన్ చేసింది. ముందు తన అత్తగారి కథ చెప్పింది. అది విని బాబాయ్ పకపకా నవ్వాడు. నవ్వాక ఆయన గొంతులో బెట్టు పోయింది. భార్యకు కాలి ఎముకకు ఆపరేషన్ అయిందట. పూటపూటా నడిపించాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. వాళ్ళ ఫ్లాట్ల ముందున్న పొడుగాటి వరండాలో ఆమెను పట్టుకుని నడిపిస్తూ, ఫోన్ మోగితే హెడ్‌ఫోన్లోనే జవాబు చెప్తున్నాడట. ఒక్క ఫోనూ వదల్లేదు. కానీ చుక్కకు భయపడి భయపడి విసుగొచ్చి, మానేస్తే గొడవ వదులుతుందనుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"ఆపరేషన్ అయిన కొత్తలోనే చెబుదామని కూర్చున్నానమ్మాయ్. ఎలా ఉన్నారని అడుగుతావేమో, అప్పుడు చెబుదామనుకున్నా. నువ్వు ఉన్నారా అనే అడిగావు."

అక్క వెక్కివెక్కి ఏడ్చింది. బాబాయ్ కంగారుపడి, కోపిష్టివాళ్ళను బుజ్జగించే గొంతుతోనే ఆమెనూ బుజ్జగించాడు.

మర్నాడు అక్క ఆఫీసరుకు ఫోన్ చేసి, ఇకమీదట మా జట్టులో చుక్కలు చూడను, ఫోన్లకు జవాబులు వెళ్తున్నాయో లేదో అదే చూస్తాను అంది. పని చెడితే ఎవరిది బాధ్యత అని ఆయన గుర్రుమన్నాడు. నాదే అంది. జట్టుకు మాత్రం రెండే మాటలు చెప్పింది. "పనుంటే ఉండనని చెప్పి వెళ్ళండి. ఏం పనో చెప్పక్కర్లేదు."

ఇదేదో కొత్త రకం వల అనుకున్నారు జట్టువాళ్ళు. చుక్కలు ఎప్పటిలాగే పచ్చగా మెరుస్తున్నాయి. అందరికన్నా పచ్చగా బాబాయ్‌ది. నెలాఖరు దగ్గరికొస్తున్నా ఆయన ఉంటాననలేదు, మానేస్తాననీ అనలేదు. అడగకుండా ఉండడానికి అక్క నోరు కట్టేసుకుని కూర్చుంది. అంత కష్టమైన పని ఆమె ఉద్యోగంలోనే చెయ్యలేదు.

అలా ఉండగా ఒక ఉదయం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, నేను మీ బాబాయ్ భార్యని. నడిపించుకోమని నువ్వు చెప్పావట కదా?"

"అవును పిన్నీ. ఎలా ఉన్నారు?"

"కాలు బాగానే ఉంది, మీ బాబాయే బాలేడు. రైలు తప్పిపోతుందన్నట్టు లాక్కుపోతున్నాడు. నేను అడుగు వేసేలోపు ఎవరిదో మిషన్లో నీళ్ళు పోవట్లేదంటాడు. నాతో నడుస్తున్నాడో ఊళ్ళోవాళ్ళ బట్టలుతుకుతున్నాడో తెలియట్లేదు. నువ్వు చెప్తే వింటాడు. కాస్త నెమ్మదిగా నడవమని చెప్పమ్మా."

అక్క వెంటనే బాబాయ్‌కి ఫోన్ చేసింది. "బాబాయ్, ఆ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టండి. మీకొచ్చేవన్నీ నా వైపు తిప్పుకుంటున్నా. పిన్ని ఎంత నెమ్మదిగా నడిస్తే మీరూ అంతే నెమ్మదిగా నడవాలి."

"కోపిష్టివాళ్ళుంటారమ్మాయ్..."

"ఉండనివ్వండి. నేనూ కోపిష్టిదాన్నే."

బాబాయ్ చుక్క పసుపైంది. ఆయన ఫోన్లన్నీ అక్కకు మోగాయి. ఒకాయన ఆమెను చెడామడా తిట్టాడు, ఇంకొకావిడ బాబాయ్‌నే పిలవమని పట్టుబట్టింది. చుక్క చాలాసేపు పసుపుగానే ఉంది. అది చూసి గలగల, "పాపకు నీళ్ళు పోసి వస్తా అక్కా, ఉండను" అని రాసి ధైర్యంగా వెళ్ళిపోయింది. ఆవలింతలాయన కూడా వెళ్ళాడు. పసుపు చుక్కల మధ్య అక్క చేతి నిండా ఫోన్లతో ఒక్కతే మిగిలింది. ఆఫీసు మూసేశాక అంత హుషారుగా ఆమె ఎప్పుడూ లేదు.

చివరికి బాబాయ్ వచ్చాడు.

"అమ్మాయ్, ఇవాళ వరండా ఆ చివరిదాకా నడిచింది! దారిలో ఆగి నాతో పోట్లాడింది కూడా."

"దేనికి బాబాయ్?"

"నేను ఉద్యోగం మానేసి రోజంతా ఇంట్లో ఖాళీగా కూర్చుంటే తను భరించలేదట. అందుకని, నేను ఆ రోజు రాశానే, నెలాఖరుకు..."

అక్క ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"ఏం రాశారు బాబాయ్? నాకేం గుర్తులేదే."